గోస్తనీ నది ఎక్కడ పుట్టి ఎక్కడ సముద్రంలో కలుస్తుంది?

అరకు దగ్గరి అనంతగిరి కొండల్లో పుట్టి, సుమారు 120 కిలోమీటర్లు పారి, భీమిలి దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. (తణుకు పక్కన పారే గోస్తనీ వేరు, రెండూ కలిపేయకండి.)

చిన్న నదే గానీ బొర్రా గుహలను తొలిచింది ఇదే. గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) కలిసిన నీటికి కాస్త ఆమ్లగుణం వస్తుంది. అది సున్నపురాయిని లక్షల ఏళ్లపాటు కరిగిస్తూ పోతుంది. కప్పు నుంచి బొట్టుబొట్టుగా రాలే నీరు ఆ సున్నాన్నే మళ్లీ రాయిగా పేరుస్తుంది. అలా ఆవు పొదుగులా వేలాడే రాతి నుంచి నీరు కారుతుంది కాబట్టే గోస్తనీ అన్న పేరు వచ్చిందని అక్కడివాళ్లు చెబుతారు.

కొండ దిగాక తాటిపూడి జలాశయం అడ్డు పడుతుంది. విశాఖ తాగునీటిలో కొంత అక్కడిదే. వర్షాధార నది, వేసవిలో చూస్తే ఇసుకే ఎక్కువ.