ఐదడుగుల ఒక్క అంగుళం పిల్లకి కాలేజీ ఫుట్‌బాల్ అందుతుందా?

ప్రశ్న: మా మనవరాలు అమెరికాలో పదో తరగతి చదువుతోంది. కాలేజీ జట్టులో సాకర్, అంటే మన ఫుట్‌బాలే, ఆడాలని దాని కోరిక. ఎత్తు ఐదడుగుల ఒక్క అంగుళం. మనిషి పుల్లలా ఉంటుంది. "ఆట బాగుంది గానీ పెద్దపిల్లలు తోసేస్తున్నారు, బలం పెంచుకో" అన్నాడట కోచ్. అప్పట్నుంచి జిమ్ముకెళ్లి బరువులెత్తుతోంది. ఎత్తు ఆగిపోతుందేమోనని నా భయం. తిండి చూస్తే పిచ్చుక తిండి. నాలుగు నెలలుగా నెలసరి కూడా రాలేదట. "ఆటలాడేవాళ్లకి మామూలేనమ్మా" అంటోంది మా అమ్మాయి. స్కూలుకి సెలవులివ్వగానే జూన్ మొదట్లో వస్తున్నారు. ఏం పెట్టమంటారు, ఏం చెప్పమంటారు?
— ఒక అమ్మమ్మ, పాలకొల్లు

జవాబు: అక్కయ్యగారూ, మీరు చివర్లో రాసిన ముక్క నుంచే మొదలుపెడతాను. మూడు నెలలు దాటినా నెలసరి రాకపోతే డాక్టరుకి చూపించాల్సిందే. సెలవుల దాకా ఆగొద్దు, ఈ రాత్రే ఫోన్ చేసి చెప్పండి. పరుగుకి ఖర్చయ్యేంత తిండి కడుపులోకి పోకపోతే ఒళ్లు నెలసరిని ఆపేస్తుంది. అలాగే సాగితే ఎముకల్లో పస తగ్గి, పాదాల్లోనూ కాళ్లలోనూ సన్నటి పగుళ్లు వస్తాయి. వేరే కారణమూ ఉండొచ్చు, అది డాక్టరు తేలుస్తారు. ఆడపిల్లల కాలేజీలో పీడీగా, అంటే ఆటల టీచరుగా, ఉన్నన్నాళ్లూ నేనూ ఈ "మామూలే" వింటూనే వచ్చాను. విన్నప్పుడల్లా ఆ పిల్లని కబడ్డీ కోర్టులోంచి బయటికి పిలిచి, పొద్దున్నుంచి ఏం తిన్నావో చెప్పమనేదాన్ని. చాలాసార్లు టీ, రెండు బిస్కెట్లూనండి!

కోచ్ అడిగిన బలం కూడా తిండి లేకుండా రాదు. ఖాళీ కడుపుతో బరువులెత్తితే కండ పెరగదు, నీరసం పెరుగుతుంది.

ఇక ఎత్తు సంగతి. ఆడపిల్లలు జోరుగా పొడవు సాగేది పన్నెండేళ్ల ప్రాయంలో. రజస్వల అయ్యాక మామూలుగా ఇంకో రెండు మూడు అంగుళాలు, అంతే. పదిహేనేళ్లు దాటాక మిగిలేది కొంచెమే. దాన్ని బరువులు ఆపుతాయన్నది వట్టిమాట. నేర్పేవాళ్లు పక్కనుండి పద్ధతిగా చేయిస్తే ఎముక గట్టిపడుతుంది కూడా. కాబట్టి జిమ్ము మాన్పించకండి.

అలాగని కోచ్‌ని తిట్టుకోకండి, ఆయన మాటలో నిజముంది. అమెరికా కాలేజీ ఆటలో ఆటగాళ్లని మార్చే నిబంధన చాలా వదులు. మొదటి సగంలో బయటికెళ్లిన పిల్ల రెండో సగంలో మళ్లీ దిగొచ్చు. రెండో సగంలో వెళ్లినా ఒకసారి తిరిగి రావొచ్చు. అంటే అలసిన కాళ్ల స్థానంలో తాజా కాళ్లు వస్తూనే ఉంటాయి. ఆట చివరిదాకా పరుగులూ, రాపిడీ తగ్గవు. పైగా పద్దెనిమిదేళ్లకి చేరిన పిల్ల ఇరవై రెండేళ్లవాళ్లతో తలపడాలి. అక్కడ బక్కప్రాణానికి కష్టమే.

కష్టమన్నాను గానీ కుదరదనలేదు. క్రిస్టల్ డన్ అనే అమ్మాయి ఎత్తూ ఐదడుగుల ఒక్క అంగుళమే. ఆడపిల్లల కాలేజీ ఫుట్‌బాల్లో అందరికంటే ఎక్కువ జాతీయ టైటిళ్లు గెలిచిన నార్త్ కరోలినా యూనివర్సిటీకి ఆడి, 2012లో దేశంలోనే ఉత్తమ కాలేజీ క్రీడాకారిణిగా హెర్మన్ ట్రోఫీ అందుకుంది. 2019లో ప్రపంచకప్ గెలిచిన అమెరికా జట్టులో డిఫెండరు. ఆవిడ్ని చూసి మీ మనవరాలు నేర్చుకోవాల్సింది ధైర్యం ఒక్కటే కాదు, నడుము కిందికి దించి నిలబడే తీరు. గోల్‌కీపర్‌కి మాత్రం ఎత్తుంటేనే మేలు. పైకర్ర 2.44 మీటర్ల మీద ఉంటుంది మరి. గోలు ముందు మధ్యలో కాపుకాసే సెంటర్ బ్యాక్‌కీ అంతే, తలతో కొట్టే బంతులన్నీ అక్కడికే వస్తాయి. అంచుల్లో పరిగెత్తే వింగ్, మధ్యలో ఆడే మిడ్‌ఫీల్డ్, వెనక పక్కలు కాసే ఫుల్‌బ్యాక్ స్థానాల్లో పొట్టిపిల్లలకి చోటుంది.

ఫుట్‌బాల్లో చేత్తో నెడితే ఫౌల్. బంతి కోసం భుజానికి భుజం ఆనించడం తప్పు కాదు. ఆ తాకిడికి నిలబెట్టేవి తొడలు, పిరుదులు, నడుము. కబడ్డీకి పిల్లల్ని ఎంచేటప్పుడు నేను చూసిందీ అదే, చేతుల లావు కాదు. గుంజీల్లాంటి స్క్వాట్లు, ఒంటికాలి మీద చేసే వ్యాయామాలు ముఖ్యం. ఇంకోటి, ఎగిరి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలకూడదు. ఏసీఎల్ అనే మోకాలి లిగమెంటు తెగే ప్రమాదం ఈ ఆటలో మగపిల్లలకంటే ఆడపిల్లలకే ఎక్కువ. ఫిఫా వాళ్ల 11 ప్లస్ అనే ఇరవై నిమిషాల వార్మప్ ఇందుకోసమే ఉంది. కోచ్ చేయించకపోతే పిల్ల అడిగి మరీ చేయించుకోవాలి.

ఏం పెట్టాలన్నారు కదా. పూతరేకులు సరదాకి తిననివ్వండి. పని చేసేవి మీ చేతి సున్నుండలు. మినపప్పు, బెల్లం, నెయ్యి, ఆట అయిన వెంటనే రెండు. రోజూ గుడ్లు, పెరుగు, చేప. మాంసం తినే పిల్లయితే వారానికోసారి మేక కార్జం వేపుడు. ఐరన్‌కి అంతకంటే మంచి కూర లేదు. తోటకూర, మునగాకు వండితే నిమ్మకాయ పిండండి, అన్నం మీద టీ ఇవ్వకండి. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతానికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. అమెరికాలో పెరిగినా మన పిల్లే కాబట్టి డాక్టరు దగ్గర హిమోగ్లోబిన్‌తో పాటు, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ కూడా చూపించమనండి. మన జూన్ ఉక్కకి ప్రాక్టీసు పొద్దున్న ఆరింటికే మొదలెట్టి ఎండెక్కేలోగా ముగించాలి. పక్కన ఉప్పు చిటికెడు వేసిన కొబ్బరినీళ్లుంచండి. చుట్టాల్లో ఎవరైనా "బక్కచిక్కిపోయావే" అంటే మాట మార్చేయండి, మీరూ అనకండి.

పదో తరగతి పూర్తయ్యాక జూన్ 15 నుంచే ఆటల్లో పై శ్రేణి అయిన డివిజన్ 1 కాలేజీల కోచ్‌లు పిల్లలతో నేరుగా మాట్లాడొచ్చు. అప్పటికి పిల్ల మీ ఇంట్లోనే ఉంటుంది. ఈలోగా తన ఆట వీడియోలు చిన్నచిన్నవి చేసి పంపుకోమనండి. తోసినా బంతి వదలని క్షణాలు అందులో ముందుండాలి. మూడో శ్రేణి అయిన డివిజన్ 3 కాలేజీలు ఆట చూసి స్కాలర్‌షిప్ ఇవ్వవు, మార్కుల మీద ఇచ్చేవి వేరే ఉంటాయి. ఆ లెక్క అల్లుడుగారిని ఇప్పుడే చూసుకోమనండి.