నానోబెల్టులు చేయబోయే ముందు

తిరుపతి

చిరంజీవికి ఆశీస్సులు.

ఆల్ఫా మాలిబ్డినం ట్రయాక్సైడ్ నానోబెల్టులతో, అంటే ఆ ఆక్సైడ్ ఆల్ఫా స్ఫటిక రూపంలో ఉండే అతి సన్నని పట్టీలతో, పని మొదలుపెడుతున్నానని రాశావు. సంతోషం. సెమ్ (ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు) బొమ్మలకు మాత్రం తొందరపడొద్దు నాయనా. ఏ ఫేజ్ (స్ఫటిక రూపం) వచ్చిందో ఎక్స్‌ఆర్‌డీలో, అంటే ఎక్స్ కిరణాల పరీక్షలో, తేలాకే పౌడర్‌ను సెమ్‌కు పంపు.

అమ్మోనియం హెప్టామాలిబ్డేట్ టెట్రాహైడ్రేట్ 1 గ్రాము తూచి, 33 మిల్లీలీటర్ల డీఐ (అయాన్లు తీసేసిన) నీళ్ళలో పూర్తిగా కరిగించు. తర్వాత ఆవిరి బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ కింద, కలుపుతూనే, గాఢ నైట్రిక్ ఆమ్లం 7 మిల్లీలీటర్లు బొట్టుబొట్టుగా వెయ్యి. 50 మిల్లీలీటర్ల టెఫ్లాన్ కప్పులో ఇది 80 శాతం. అంతకు మించి నింపితే, వేడికి నీళ్ళు ఉబ్బి, కప్పును బిగించే స్టీలు పాత్రలో, అంటే ఆటోక్లేవ్‌లో, ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. ఇంకొకటి, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నా: నైట్రిక్ ఆమ్లం ఉన్న కప్పులో ఇథనాల్ గానీ మరే ఆర్గానిక్ సాల్వెంట్ గానీ ఒక్క చుక్క కూడా పడకూడదు. పేలుతుంది.

ఆటోక్లేవ్‌ను బిగించి ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర 20 గంటలు ఉంచు. సాయంత్రం నాలుగింటికి పెడితే మర్నాడు మధ్యాహ్నానికి అవుతుంది. మధ్యలో కరెంటు పోతే ఎంతసేపు పోయిందో నోట్‌బుక్‌లో రాసుకో, ఆ బ్యాచ్‌ను మిగతావాటితో పోల్చకు. ఓవెన్ ఆపాక దానంతటది చల్లారనివ్వు. కుళాయి కింద పెట్టొద్దు.

వేడి తక్కువైతే ఏమవుతుందంటావా? 80, 90 డిగ్రీల దగ్గర ఇవే పదార్థాలు ఆరు పలకల కడ్డీలనిస్తాయి. అది హెక్సాగోనల్ ఫేజ్. అమ్మోనియం అయాన్లు దాని సొరంగాల్లో కూర్చుని ఆ నిర్మాణాన్ని నిలబెడతాయి. వేడీ సమయమూ చాలితేనే అది ఆల్ఫాగా మారుతుంది. రాగి ఎక్స్ కిరణాలతో తీసిన ఎక్స్‌ఆర్‌డీలో 9.7 డిగ్రీల కోణం (2థీటా) దగ్గర పీక్ కనిపిస్తే మార్పు పూర్తి కాలేదన్నమాట. ఆల్ఫాకు 12.7, 25.7, 39 డిగ్రీల దగ్గర పీక్‌లు వస్తాయి. ఈ మూడే ఆకాశానికి లేచి, 23.3, 27.3 దగ్గరివి పొట్టిగా ఉంటే కంగారుపడకు. బెల్టులు హోల్డర్‌లో బల్లపరుపుగా పడుకోవడం వల్లే అలా వస్తుంది.

కడగడంలోనే చాలామంది పౌడర్ పోగొట్టుకుంటారు. ఈ ఆక్సైడ్ నీళ్ళలో కొద్దిగా కరుగుతుంది. అందుకే తక్కువ డీఐ నీళ్ళతో, సెంట్రిఫ్యూజ్‌లో మూడుసార్లు చాలు. మన బోరు నీళ్ళు అస్సలు వాడకు. వాటిలోని కాల్షియం వల్ల కాల్షియం మాలిబ్డేట్ ఏర్పడి, 28.7 డిగ్రీల దగ్గర అక్కర్లేని పీక్ ఇస్తుంది. ఆమ్లం పూర్తిగా పోయాక కావాలంటే ఒకసారి ఇథనాల్‌తో కడిగి, 60 డిగ్రీల దగ్గర ఆరబెట్టు.

లెక్క ప్రకారం 1 గ్రాము హెప్టామాలిబ్డేట్ ఉప్పుకు 0.82 గ్రాములకు మించి ఆక్సైడ్ రాదు. ఎక్కువ తూగిందంటే తడో అమ్మోనియమో మిగిలినట్టు. తెల్లగా ఉండాల్సిన పౌడర్ నీలం తిరిగితే కొంత మాలిబ్డినం రిడ్యూస్ అయిందని, అంటే ఎలక్ట్రాన్లు తీసుకుందని అర్థం. ఇథనాల్ తడి ఆరకముందే ఎండ తగిలినా ఇలాగే జరుగుతుంది, కాబట్టి సీసాను కిటికీ పక్కన పెట్టకు.

ఆశీస్సులతో.