చలికి మొండికేసిన గోబర్ గ్యాసు

ప్రశ్న: మాది లంబసింగి దగ్గర పల్లె. రోజుకు రెండు ఘనపు మీటర్ల గ్యాసిచ్చే దీనబంధు ప్లాంటు (భూమిలో గుండ్రటి డోమ్ పైకప్పుతో కట్టే రకం) ఉంది. రోజూ 50 కిలోల పేడ, అంతే నీళ్ళు వేస్తున్నాం. డిసెంబరు వచ్చేసరికి గ్యాసు సగానికి పడిపోతోంది. పేడ ఇంకొంచెం పెంచమంటారా?
– ఒక రైతు, చింతపల్లి మండలం

జవాబు: పెంచకండి. చాలామంది చేసే పొరపాటే అది. గ్యాసు తయారుచేసే సూక్ష్మజీవులకు 35 డిగ్రీల వేడి బాగా నప్పుతుంది. 20 కంటే తగ్గితే మందగిస్తాయి, 10 దగ్గర దాదాపు పని ఆపేస్తాయి. పేడ 30 రోజులు లోపల మురగాలన్న లెక్కన మీ ప్లాంటును కట్టి ఉంటే అందులో 3,000 లీటర్ల స్లర్రీ (పేడ, నీళ్ళు కలిపిన జావ) పడుతుంది. కొండ ప్రాంతాల చలికి 55 రోజుల లెక్క కట్టాలి, అంటే 5,500 లీటర్లు. ఇప్పుడు పేడ పెంచితే మురగకుండానే బయటికొచ్చేస్తుంది. మురిగిన పేడ బయటికొచ్చే అవుట్‌లెట్ దగ్గర చూడండి. పచ్చి పేడ వాసన, ఈగలు, బుడగలు ఉంటే జరుగుతున్నది అదే. వేడి నిలిచేదాకా 35 కిలోలకు తగ్గించండి.

ముందు వేడి సంగతి చూడాలి. ఆవు వేసినప్పుడు పేడ 38 డిగ్రీల దాకా ఉంటుంది. రాత్రంతా సిమెంటు గచ్చు మీద వదిలేస్తే ఆ వేడంతా పోతుంది. సాయంత్రమే ఎత్తి గోనెసంచి కప్పి ఉంచండి. నల్ల డ్రమ్ములో నీళ్ళు ఎండకు పెట్టి, చాలకపోతే కాస్త కాచి, 45 డిగ్రీలకు తేవాలి. 20 డిగ్రీల పేడలో అంతే బరువు నీళ్ళు కలిపితే మిశ్రమం 32 దాకా వస్తుంది. మరిగే నీళ్ళు మాత్రం వద్దు, సూక్ష్మజీవులు చస్తాయి. నీళ్ళలో పావు వంతు బదులు పశువుల మూత్రం వాడితే ఇంకా మేలు. కలిపే తొట్టి రంధ్రం మూసి, పైన ప్లాస్టిక్ షీటు కప్పి, ఎండ తగ్గకముందే, మూడు గంటలకల్లా లోపలికి వదలండి.

డోమ్ మీద అడుగు మందాన ఎండు వరిగడ్డి పరిచి, చుట్టూ మూడడుగులు బయటికి వచ్చేలా బరకం కప్పండి. గడ్డి తడిస్తే కప్పినా కప్పకపోయినా ఒకటే. అవుట్‌లెట్ బండల సందుల్లోనూ గోనెసంచులు కుక్కండి. అక్కణ్ణుంచి పోయే వేడిని ఎవరూ పట్టించుకోరు.

పుల్లటి ఘాటు వాసన వచ్చి, గ్యాసు ఉన్నా అంటుకోకపోతే లోపల పులిసిందన్నమాట. పులుపు కొలిచే పీహెచ్ కాగితంతో చూస్తే 6.5 కంటే తక్కువ ఉంటుంది. వారం పాటు ప్లాంటులో పేడ వేయడం ఆపి, బాగా నడుస్తున్న మరో ప్లాంటు స్లర్రీ నాలుగైదు బకెట్లు పోసి, తర్వాత రోజుకు 10 కిలోల పేడతో మళ్ళీ మొదలుపెట్టండి.

ప్రశ్న: గ్యాసు ఉన్నా పొద్దున్నే మంట టపటపలాడి ఆరిపోతోంది. ఎందుకు?

జవాబు: పైపులో నీళ్ళు చేరాయి. లోపలి వెచ్చటి గ్యాసులోని ఆవిరి చల్లటి పైపులో నీరుగా మారుతుంది. పైపును వాలుగా వేసి, పల్లంలో నీటి ట్రాప్ (నీళ్ళు చేరి, బయటికి వదిలేసే అమరిక) పెట్టించండి. చలికాలంలో రెండు రోజులకోసారి మెయిన్ వాల్వు కట్టేసి, దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకుని, ఆ నీళ్ళు వదిలేయండి. పొయ్యి దగ్గర రబ్బరు గొట్టం కిందికి వేలాడుతుంటే అందులోనూ నిలుస్తాయి, కురచ చేయండి.