పాఠకుల ప్రశ్నలు: బీబీసీ మైక్రోతో టెర్మినల్

ప్రశ్న: మా బడి స్టోర్‌రూములో 1980లలో బడుల్లో కంప్యూటర్ చదువు కోసం పెట్టిన ‘క్లాస్’ పథకం నాటి బీబీసీ మైక్రో కంప్యూటర్ ఉంది. ఆన్ చేస్తే బీప్ అని బేసిక్ (ప్రోగ్రాములు రాసే భాష) వస్తోంది. మోడెమ్ (ఫోన్ లైను మీద కంప్యూటర్లను కలిపే పెట్టె) తగిలించి దీన్ని వేరే లైనక్స్ కంప్యూటర్‌కు టెర్మినల్‌గా, అంటే కీబోర్డు, తెరగా వాడొచ్చా?
– ఒక ఉపాధ్యాయుడు, గుత్తి

జవాబు: భేషుగ్గా వాడొచ్చు. కానీ ఇంకోసారి ఆన్ చేసేముందు పవర్ సప్లై విప్పించి చూడండి. మెయిన్స్ వైపున్న ఎక్స్2 (కరెంటులోని రొదను అణిచే రకం) కెపాసిటర్ల పైపెంకు పగుళ్లిచ్చి ఉంటే, ఏదో ఒకరోజు గది నిండా పొగ ఖాయం. వాటిమీద రాసిన విలువకే, 275 వోల్టుల ఎక్స్2 రకం కొత్తవి వేయించండి. ప్లగ్గు పీకినా పెద్ద కెపాసిటర్లో కరెంటు నిలిచి ఉంటుంది కాబట్టి ఈ పని తెలిసిన మెకానిక్‌కే అప్పజెప్పండి. తర్వాత మీటరుతో 5 వోల్టులతోపాటు మైనస్ 5 కూడా చూడాలి. మైనస్ 5 లేకపోయినా తెర మామూలుగానే వెలుగుతుంది, సీరియల్ పోర్టు మాత్రం పనిచేయదు. చాలామంది ఇక్కడే కేబుల్‌ను అనుమానించి రోజులు పోగొట్టుకుంటారు.

వెనకవైపు ఐదు పిన్నుల గుండ్రటి సాకెట్టే సీరియల్ పోర్టు. 25 పిన్నుల మోడెమ్‌కైతే డేటా ఔట్‌ను 2వ పిన్నుకు, డేటా ఇన్‌ను 3కు, ఆర్‌టీఎస్‌ను (‘నాకు పంపొచ్చు’ అని బీబీసీ చెప్పే తీగ) 4కు, సీటీఎస్‌ను (‘నువ్వు పంపొచ్చు’ అని మోడెమ్ చెప్పే తీగ) 5కు, గ్రౌండ్‌ను 7కు కలపండి. మూడు తీగలతో సరిపెట్టొద్దు. సీటీఎస్ అందకపోతే బీబీసీ ఒక్క అక్షరం కూడా పంపదు. ఆర్‌టీఎస్ లేకపోతే తెర పైకి జరిగే లోపల వచ్చిన అక్షరాలు రాలిపోతాయి. ఇంకో తిరకాసు: ఈ ప్లగ్గు తలకిందులుగానూ దూరుతుంది. సరైన వైపు తేలాక పైభాగాన రంగుచుక్క పెట్టుకోండి. బీబీసీకి డీటీఆర్ (కంప్యూటర్ సిద్ధమని మోడెమ్‌కు చెప్పే) తీగే లేదు, అందుకని కొన్ని మోడెమ్‌లు ఫోనెత్తవు. వేరే కంప్యూటర్ నుంచి ‘ఏటీ అండ్ డీ0’ (AT&D0) ఇచ్చి, ‘ఏటీ అండ్ డబ్ల్యూ’ (AT&W)తో దాచేస్తే ఆ గొడవ తీరుతుంది.

ప్రోగ్రాము చిన్నదే. 80 అక్షరాల వరుసకు మోడ్ 3 పెట్టండి. స్టార్ ఎఫ్ఎక్స్ 7,4 (*FX 7,4 అని కొట్టాలి), స్టార్ ఎఫ్ఎక్స్ 8,4 ఇస్తే రాకపోకలు రెండూ 1200 బాడ్‌కు (సెకనుకు 1200 బిట్ల వేగానికి) వస్తాయి. 7,7, 8,7 అంటే 9600. బేసిక్ నిదానం కాబట్టి 1200తోనే మొదలుపెట్టండి. స్టార్ ఎఫ్ఎక్స్ 2,2తో సీరియల్ తెరిచి, అడ్వాల్ మైనస్ 2 (ADVAL(-2), వచ్చి చదవకుండా ఉన్న అక్షరాల లెక్క) సున్నా కంటే ఎక్కువైతే 2,1కు మారి ఒక అక్షరం చదివి, మళ్లీ 2,2కు రావాలి. మీరు కొట్టిన అక్షరం పంపేముందు స్టార్ ఎఫ్ఎక్స్ 3,7, పంపాక 3,0. వచ్చినవాటిలో ఆస్కీ (అక్షరాల అంకెల సంకేతం) 7, 8, 10, 13, 32 నుంచి 126 వరకే తెరకు వదలండి. 22 వస్తే మోడ్ మారిపోతుంది, 21 వస్తే తెరమీద రాత ఆగిపోతుంది. అవతల లైనక్సులో టెర్మినల్ రకం చెప్పే టెర్మ్ (TERM) విలువ ‘డంబ్’ (dumb) అని పెట్టండి.

ప్రశ్న: మా లాండ్‌లైన్ ఫైబర్‌కు మారింది. మోడెమ్ రింగిస్తుంది గానీ కలవదు.
– ప్రొద్దుటూరు పాఠకుడు

జవాబు: ఫైబర్‌లో మాట ముక్కలుగా ప్రయాణిస్తుంది, వాటి మధ్య కాలం చెదిరితే మోడెమ్ ధ్వనికి లెక్క తప్పుతుంది. 300 లేదా 1200 బాడ్‌లో కొన్నిసార్లు కలుస్తుంది. మా సలహా మాత్రం ఈఎస్‌పీ8266 అనే వైఫై చిప్పుతో చేసే వైఫై మోడెమే. ఫోను నెంబరు బదులు ఏటీడీటీ (మోడెమ్‌కు డయల్ చేయమనే ఆదేశం) తర్వాత నెట్ చిరునామా కొడితే చాలు. దాని పిన్నులు 3.3 వోల్టులవి, మధ్యలో మ్యాక్స్3232 (వోల్టేజీ సరిపెట్టే చిప్పు) లేకుండా కలిపితే చిప్పు పోతుంది. ఇలా కలిసే పద్ధతైన టెల్‌నెట్‌లో పాస్‌వర్డు బయటికి కనిపిస్తుంది కనుక ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై (చిన్న లైనక్స్ కంప్యూటర్) దాకా అలా వెళ్లి, అక్కడినుంచి బయటికి ఎస్ఎస్‌హెచ్ (రహస్య లిపిలో పంపే పద్ధతి) వాడండి.