స్లెడ్ కొన్న మేనల్లుడికి

నోవై, మిషిగన్

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నిన్న రాత్రి మీ అమ్మ బెజవాడ నుంచి ఫోన్ చేసి, "వాడు మంచు మీద నడిచే బండేదో కొన్నాడట, నలుగురూ కలిసి డబ్బులు వేసుకున్నారట, నువ్వు కాస్త గట్టిగా చెప్పు" అంది. గట్టిగా చెబుదామనే కాగితం ముందేసుకుని కూర్చున్నాను. కానీ 1984లో, నువ్విప్పుడు చదువుతున్న, మిషిగన్ ఉత్తరాన ఉన్న అదే హౌటన్ ఊరికి, అదే కాలేజీలో ఎం.ఎస్. చదవడానికి వచ్చి, రెండో చలికాలం తిరక్కముందే నేనూ నా గదిలో ఉండే కుర్రాడూ కలిసి ఒక ముసలి స్లెడ్, అంటే ఇంజినుతో మంచు మీద నడిచే స్నోమొబైల్, కొన్న సంగతి గుర్తుకొచ్చేసరికి, మందలించే నోరు నాకు పెగలలేదు. మన ఇంటి తిక్క నీకు కొంత వచ్చిందని తెలిసి లోపల్లోపల సంతోషించాను కూడా. ఈ మాట మీ అమ్మ దాకా వెళ్లనివ్వకు.

సంతోషం ఎంతసేపో నిలవలేదు. ఫిబ్రవరిలో మీరంతా కాపర్ హార్బర్ దాకా వెళ్లి రావాలనుకుంటున్నారని కూడా ఆమె చెప్పింది. రోడ్డు లెక్కన హౌటన్ నుంచి అది 47 మైళ్లు, అంటే రానూపోనూ దాదాపు వంద మైళ్ల ప్రయాణం. కాల్యుమెట్ దాటిన తర్వాత ఇళ్లు పలచబడతాయి, ఫోనుకు చాలాచోట్ల సిగ్నల్ అందదు, జనవరి ఫిబ్రవరుల్లో పగలు పొట్టిగా ఉంటుంది. హెల్మెట్టు, ట్రెయిల్ పర్మిట్టు, నిండు ట్యాంకు, ఎక్కడికి వెళ్తున్నారో ఊళ్లో ఒకరికి చెప్పి వెళ్లడం, గడ్డకట్టిన చెరువుల మీదికి పోకపోవడం, వీటి గురించి అక్కడ నీకు పదిమంది చెబుతారు. నేను చెప్పదలచుకున్నది ఒక్క బెల్టు గురించి, దాన్ని పట్టుకుని తిప్పే రెండు క్లచ్‌ల గురించి.

బెజవాడలో కాలేజీకి నడిపిన యాక్టివా గుర్తుంది కదా, దానికి గేర్లు ఎందుకు లేవో నీ స్లెడ్‌కూ అందుకే లేవు. ఇంజిను ఇరుసుకు తగిలించినది ప్రైమరీ క్లచ్. దాని నుంచి బెల్టు ద్వారా తిరిగేది సెకండరీ. రెండింటికీ ఎదురెదురుగా వాలు గల రెండేసి పళ్ళేలు ఉంటాయి. ఇంజిను నెమ్మదిగా తిరిగేటప్పుడు ప్రైమరీ పళ్ళేలు ఎడంగా ఉండి బెల్టు వాటి మధ్య వదులుగా కూర్చుంటుంది. వేగం నిమిషానికి సుమారు 3,500 చుట్లకు చేరేసరికి లోపలి బరువులు బయటికి విసురుకొని పళ్ళేలను దగ్గరికి నెడతాయి, బెల్టు బిగుసుకుని బండి కదులుతుంది. వేగం పెరిగిన కొద్దీ బెల్టు ప్రైమరీ మీద పైకి ఎక్కుతూ, సెకండరీలో లోపలికి దిగుతూ పోతుంది. అయితే యాక్టివా బెల్టు మోసేది ఎనిమిది హార్స్‌పవర్. ఇక్కడ ఇంచుమించు వేలెడు మందపు ఒక రబ్బరు పట్టీ నూరు హార్స్‌పవర్‌ను, ఇద్దరు మనుషులను, నడుములోతు మంచును లాగాలి. అందులో జారుడు కొద్దిగా మొదలైందంటే చాలు, ఆ శక్తంతా వేడిగా మారి రబ్బరును కాలుస్తుంది. బెల్టు తెగిందని చెప్పుకునే వాటిలో చాలా వరకు తెగినవి కావు, ముందే కాలి తర్వాత తెగినవి.

కాల్చేది ఎక్కువగా మనమే. రాత్రంతా బయట నిలిపిన స్లెడ్‌కు పొద్దునే కింద తిరిగే రబ్బరు పట్టా, అంటే ట్రాకు, నేలకు, ముందుండే స్కీలు మంచుకు అతుక్కుని ఉంటాయి. అది తెలియని కుర్రాడు ఎక్కి కూర్చుని థ్రాటిల్, అంటే యాక్సిలరేటర్, నొక్కుతాడు, ట్రాకు కదలదు, ప్రైమరీ మాత్రం నిలబడ్డ బెల్టును ఒకేచోట పట్టుకుని రాపాడిస్తుంది. నాలుగు క్షణాల్లో బెల్టుకు ఆ చోట డమరుకానికి ఉన్నట్టు నడుము పడుతుంది. ఆ తర్వాత ఎంత జాగ్రత్తగా నడిపినా ప్రతి చుట్టుకూ ఒకసారి దడ్‌మని తన్నుతూనే ఉంటుంది. కనుక ఎక్కేముందు వెనుక బంపరు పట్టుకుని స్లెడ్‌ను పైకి ఎత్తి వదులు, స్కీలను అటూ ఇటూ కదిలించు, తర్వాత ఇంజినును కాసేపు తిరగనివ్వు. చలికి బిగుసుకున్న బెల్టు కర్రముక్క లాంటిది. మొదటి రెండు మూడు మైళ్లు సగం థ్రాటిల్ దాటకు. మెత్తటి లోతు మంచులో బండి కూరుకుపోయినప్పుడు థ్రాటిల్‌తో బయటికి లాగాలనుకోకు, దిగి కాళ్లతో మంచు తొక్కి దారి చేసుకో. మీ నలుగురిలో ఇద్దరు ఒకే స్లెడ్ మీద కూర్చుని నడక వేగంతో గంటసేపు కొండ ఎక్కితే బెల్టు సరిగ్గా పట్టుకోకుండానే రాసుకుంటూ పోతుంది, అది కూడా దానికి చేటే.

కొత్త బెల్టు వేసేటప్పుడు గోరువెచ్చని సబ్బు నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి వెయ్యి. అచ్చులోంచి ఊడిరావడానికి పూసిన జిడ్డు దాని పక్కల మీద ఉంటుంది. పళ్ళేలను స్కాచ్‌బ్రైట్‌తో గరుకు చేసి, అసిటోన్ తడిపిన గుడ్డతో గుడ్డకు మసి అంటనంత వరకు తుడువు. మొదటి 30 నుంచి 50 మైళ్లు నిండు థ్రాటిల్ వద్దు. బెల్టు వెడల్పును వెర్నియర్ కొలబద్దతో కొలిచి రాసి పెట్టుకో. మీ బండి పుస్తకంలో ఎంత అరిగితే మార్చాలో ఉంటుంది, సాధారణంగా అది 1.5 నుంచి 3 మిల్లీమీటర్ల మధ్యే. ఒక అంచు పీచుపీచుగా లేస్తే రెండు క్లచ్‌లూ ఒకే గీతలో లేవని, లేదా ఇంజిను కాళ్ల రబ్బర్లు ఒకటి చిరిగి ఇంజినే పక్కకు వాలుతోందని అర్థం. పక్కలు గాజులా మెరిస్తే అప్పటికే జారుతోందని అర్థం. రెండు బెల్టులు ఒకే తీరున పోయాక మూడోది వేయడం డబ్బు తగలెయ్యడమే, దుకాణానికి తీసుకెళ్లి అమరిక చూపించు. ప్రైమరీని మాత్రం గదిలో విప్పాలని చూడకు, అందులోని స్ప్రింగు ముఖాన వచ్చి తగులుతుంది.

ఇప్పుడు నా సంగతి చెబుతాను. దీన్ని మీ అత్తయ్యకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు.

1986 జనవరి. మా స్లెడ్ థ్రాటిల్ వదిలిన ప్రతిసారీ సెకండరీ దగ్గర కీచుమని అరిచేది. నేను ఎక్కడ పెరిగానో నీకు తెలుసు. మీ తాతగారి ఎడ్లబండి ఇరుసు కిర్రుమంటే ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి కందెన వేసేవాళ్లం, మర్నాటికి అది మంత్రించినట్టు నోరు మూసుకునేది. అరిచే దానికి కందెన పెట్టాలన్నది నాకు చదువుకన్నా ముందు వచ్చిన విద్య. ఆ రాత్రి గరాజులో టార్చి పట్టుకుని, ఇంజినాయిలు డబ్బా మూతలోకి ఒంపుకుని, సెకండరీ పళ్ళేల మధ్య ఇరుసు దగ్గర పది పన్నెండు చుక్కలు వేశాను. చేత్తో తిప్పి చూశాను. అరుపు లేదు. నా గదివాడిని లేపి మరీ చూపించాను.

మర్నాడు ఒక్కడినే బయలుదేరాను. వాడికి పరీక్ష ఉంది. కాల్యుమెట్ దాటేవరకు బండి ఎప్పుడూ లేనంత మెత్తగా నడిచింది. నిమిషానికి వేల చుట్లు తిరిగే ఇరుసు మీద వేసిన నూనె ఇరుసు మీదే ఉండదని, విసురుకు పళ్ళేల మీదికి పాకి బెల్టు పక్కలకు అంటుకుంటుందని తట్టనంత మూర్ఖుణ్ణి. డెలావేర్ గనుల దగ్గరికి వచ్చేసరికి ఇంజిను హోరు పెరుగుతోంది, బండి వేగం మాత్రం పెరగడం లేదు. కాలిన రబ్బరు వాసన కూడా వచ్చింది. అక్కడ ఆగి మూత తెరిచి ఉంటే ఈ ఉత్తరంలో రాయడానికి ఏమీ ఉండేది కాదు. నేను ఇంకా గట్టిగా థ్రాటిల్ నొక్కాను. తుపాకి పేలినట్టు చప్పుడయింది, బండి నిలిచిపోయింది. మూత తీస్తే నల్లటి మసి, ముక్కలైన రబ్బరు, ప్రైమరీ చుట్టూ చిక్కుపడిన పసుపు రంగు దారాలు.

మారు బెల్టు మా దగ్గర ఉంది. గరాజులో మేకుకు వేలాడుతోంది. ఇంటి దగ్గరే కదా తిరుగుతాం అని అక్కడ పెట్టాం.

మధ్యాహ్నం మూడు దాటింది, ఉష్ణోగ్రత మైనస్ 18. నడవడం మొదలుపెట్టాను. స్లెడ్ మీద కూర్చోవడానికి వేసుకున్న బూట్లు మంచులో నడవడానికి పనికిరావని, తొక్కిన మంచు మీద కూడా మైలు నడిచేసరికి చెమట పట్టి ఆ చెమటే వీపు మీద గడ్డకడుతుందని ఆ రోజే తెలుసుకున్నాను. ముందు కాళ్లు మండాయి, తర్వాత నొప్పి పుట్టింది, ఆ తర్వాత ఏమీ తెలియలేదు. ఏమీ తెలియకపోవడం హాయిగా కూడా అనిపించింది. అది గుర్తుకొస్తే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు. చీకటి పడ్డాక వెనక నుంచి ఒక దీపం వచ్చింది. ఆయన ఆ ప్రాంతపు పెద్దమనిషి, తాతల కాలంలో ఫిన్లండ్ నుంచి రాగి గనుల్లో పనికి వచ్చిన కుటుంబం. ఇంటికి తీసుకెళ్లి, పాదాలను రుద్దనివ్వకుండా గోరువెచ్చని నీళ్లలో పెట్టించి, చిక్కటి కాఫీ ఇచ్చి, ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. మర్నాడు బండి దగ్గరికి వెళ్లి సెకండరీ పళ్ళెం మీద వేలితో గీసి, ఆ వేలిని నా ముక్కు కింద పెట్టాడు. ఇంజినాయిలు వాసన. నేను తల దించుకున్నాను. "ఇది పొడిగా బతికే యంత్రం" అని మాత్రం అన్నాడు.

అంతటితో పోలేదు. ఆ దారాలను పైపైన కోసి తీసేసి, మేకుకు ఉన్న బెల్టు వేసుకుని తిరిగాం. లోపల ప్రైమరీ వెనుక చుట్టుకున్న నాలుగు పోగులు ఇరుసు సీలును కోస్తున్నాయని మాకు తెలియదు. సీలు తెగితే అక్కడి నుంచి గాలి లోపలికి పీల్చుకుని, పెట్రోలు వంతు తగ్గి, రెండు స్ట్రోకుల ఇంజినులో పిస్టను కాలిపోతుంది. వారం తిరక్కుండా అలాగే కాలింది. ఎడమ కాలి చివరి రెండు వేళ్లకు నాకు ఈనాటికీ స్పర్శ సరిగ్గా లేదు. చెప్పులు జారిపోయినా తెలియదని మీ అమ్మ నవ్వేది, నీకు గుర్తుండే ఉంటుంది.

అందుచేత, నాయనా, క్లచ్ అరిస్తే నూనె డబ్బా వైపు చూడవద్దు. అరుపు చాలాసార్లు బెల్టు పొడి పేరుకుపోవడం వల్ల, లేదా సెకండరీలో ఉండే ప్లాస్టిక్ బిళ్లలు కానీ బుష్షు కానీ అరగడం వల్ల వస్తుంది. గాలి పంపుతో పొడి ఊదించు, అరిగినవి మార్పించు. ఎప్పుడైనా నూనె అంటిన బెల్టును కడిగి వాడుకుందామనుకోకు, పారెయ్యి.

మారు బెల్టు సీటు కిందనో మూత కిందనో ఎప్పుడూ ఉండాలి. దాన్ని బిగించి కట్టకు, మెలితిప్పి మడవకు, లోపలి దారాలు విరుగుతాయి. కొత్తది అలాగే దాచకుండా ముందు దాన్ని వేసి 50 మైళ్లు అలవాటు చేసి, బాణం గుర్తు ఏ వైపు తిరిగిందో చూసుకుని, తీసి మారుగా పెట్టుకో. మార్చడం ఇంటి దగ్గర నేర్చుకో. బండి ఆపి తాళం తీసి, కవచం విప్పి, బండితో ఇచ్చిన మరను సెకండరీలోకి బిగిస్తే పళ్ళేలు విడతాయి. బెల్టును ముందు సెకండరీ మీద నుంచి, తర్వాత ప్రైమరీ మీద నుంచి తీయాలి. దీన్ని పగటి వెలుతురులో రెండుసార్లు, ఆ తర్వాత రాత్రిపూట, తలదీపంతో, చేతి తొడుగులు తీయకుండా ఒకసారి చెయ్యి. నలుగురూ చెయ్యాలి, నువ్వొక్కడివి కాదు; పడిపోయేది నువ్వే కావచ్చు.

దారిలో బెల్టు పేలితే వెంటనే థ్రాటిల్ వదిలి ఆపు. ప్రతి పోగునూ, ప్రైమరీ వెనుక వేలు పెట్టి తడిమి, లాగి పారెయ్యి. పళ్ళేలు చెయ్యి పెట్టగలిగేంత చల్లబడేదాకా కొత్త బెల్టు వెయ్యకు, తొందరపడి మంచు కొట్టి చల్లార్చకు, తడి పళ్ళెం మీద మారు బెల్టు కూడా జారుతుంది. బెల్టు లేకుండా కానీ, కవచం తీసి కానీ ఇంజిను నడిపి చూడాలన్న సరదా ఏ స్నేహితుడికైనా పుడితే, ఆ స్నేహితుణ్ణి నాకు ఫోన్ చెయ్యమను.

మోకాళ్లు సహకరించక నేను రాలేను కానీ, రేపు నీ పేర ఒక చిన్న పార్శిల్ పంపుతున్నాను. అందులో వెర్నియరు, తలదీపం, మందపాటి ఊలు మేజోళ్లు నాలుగు జతలు ఉన్నాయి. మేజోళ్లు మీ అత్తయ్య కొన్నది, ఎందుకని అడగలేదు. మూత తెరిచి, ఇప్పుడున్న బెల్టు మీది నంబరు, దాని వెడల్పు, పక్కలు మెరుస్తున్నాయో లేదో చూసి రాయి. రాత్రిపూట తొడుగులతో మార్చడానికి ఎంతసేపు పట్టిందో కూడా రాయి. అది చూశాకే మీ అమ్మకు ఫోన్ చేసి, నిన్ను మందలించానని చెబుతాను.

ఆశీస్సులతో,
మామయ్య