విలీనం వచ్చేదాకా అద్దె ఎవరు కడతారు?

ప్రశ్న: నాకు 36 ఏళ్ళు. బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం. థర్డ్ పార్టీ పేరోల్ మీద (జీతం ఇచ్చేది వేరే కాంట్రాక్టు కంపెనీ) సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. చేతికి నెలకు రూ.92,000 వస్తుంది. అద్దె 27,000, ఇంటి ఖర్చు 24,000, పాప స్కూలుకు 7,500, నెల్లూరులో అమ్మానాన్నలకు 8,000 పోతాయి. పది నెలల కిందట 14 శాతం వడ్డీకి మూడేళ్ళ గడువుతో రూ.3 లక్షల పర్సనల్ లోన్ తీసుకుని మంగళూరు రిఫైనరీ (ఎంఆర్‌పీఎల్) షేర్లు కొన్నాను. అప్పటినుంచి నెలనెలా మిగిలే పదిహేను వేలూ వాటిలోనే పెడుతున్నాను. మొత్తం 3,000 షేర్లు, సగటు ధర రూ.168. ఇప్పుడు రూ.142 ఉంది. ఎన్ని పాత షేర్లకు ఎన్ని కొత్తవి ఇస్తారన్న నిష్పత్తి ఇంకా ప్రకటించలేదు కానీ హిందుస్థాన్ పెట్రోలియం (హెచ్‌పీసీఎల్)లో విలీనం ఖాయమని, ప్రకటన రాగానే 40 శాతం పెరుగుతుందని మా వాట్సాప్ గ్రూపులో అంటున్నారు. మా ఆవిడ నగలు తాకట్టు పెట్టి ఇంకో 1,500 షేర్లు కొని సగటు ధర తగ్గించుకోమంటారా? బ్యాంకులో రూ.38,000 ఉంది. ఆఫీసు వాళ్ళు ఇచ్చిన రూ.5 లక్షల హెల్త్ ఇన్సూరెన్స్ ఉంది.

జవాబు: వద్దు. నగలు బీరువాలోనే ఉండనివ్వండి.

ఇలాంటి ఉత్తరాల్లో కంపెనీ పేరు మారుతుంది, వరస మారదు. ముందు ఒక వార్త, ఆ వార్త మీద అప్పు, ధర తగ్గాక ఆ అప్పును కాపాడుకోవడానికి ఇంకో అప్పు. మీరు విలీనం గురించి అడిగారు గానీ నా కంటికి ముందు ఆనింది చివర్లో రాసిన ముప్పై ఎనిమిది వేలు. మీ ఖర్చులకు రూ.10,253 ఈఎంఐ కలిపితే నెలకు దాదాపు రూ.76,750 అవుతుంది. అంటే జీతం ఆగితే మీ ఇల్లు పదిహేను రోజులు నడుస్తుంది. థర్డ్ పార్టీ పేరోల్ అంటే ప్రాజెక్టు అయిపోయిన రోజున ఏం జరుగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఉద్యోగం పోకపోయినా ఓనర్ ఇల్లు ఖాళీ చేయమంటే చాలు. బెంగళూరులో కొత్త ఇంటికి ఐదారు నెలల అడ్వాన్స్ ముందు కట్టాలి. పాత ఓనరేమో పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె పట్టుకుని, మిగతాది తన వీలు చూసుకుని ఇస్తాడు. ఆ మధ్యలో మీకు లక్షన్నర కావాలి. అప్పుడు షేరు ధర ఎంతుంటే అంతకు అమ్ముకోవాల్సిందే.

ఇక విలీనం సంగతి. హెచ్‌పీసీఎల్‌లో కేంద్రానికి ఉన్న 51.11 శాతం వాటాను 2018 జనవరిలో ప్రభుత్వ చమురు కంపెనీ ఓఎన్‌జీసీ రూ.36,915 కోట్లకు కొన్నప్పటినుంచీ ఈ మాట నలుగుతూనే ఉంది. దీని వెనక తర్కం లేకపోలేదు. హెచ్‌పీసీఎల్ తాను శుద్ధి చేసేదానికన్నా ఎక్కువ అమ్ముతుంది. మంగళూరులో ఏడాదికి కోటిన్నర టన్నుల సామర్థ్యమున్న రిఫైనరీ ఎంఆర్‌పీఎల్‌ది. ఎంఆర్‌పీఎల్‌లో ఓఎన్‌జీసీకి 71.63 శాతం, హెచ్‌పీసీఎల్‌కు 16.96 శాతం ఉన్నాయి. విలీనమైతే హెచ్‌పీసీఎల్ చేతిలో ఉన్నవి రద్దవుతాయి. మిగిలిన పదకొండున్నర శాతంలోపే పబ్లిక్‌ది, అందులో మీ 3,000 షేర్లు. రెండువైపులా యజమాని ఒకరే అయినప్పుడు చిన్న వాటాదారుకు భారీ ప్రీమియం ఇవ్వాలన్న తొందర ఎవరికి ఉంటుంది? పబ్లిక్ వాటాదారుల ఓట్లను విడిగా లెక్కపెడతారన్నది ఒక రక్షణ. అది అన్యాయమైన నిష్పత్తిని ఆపడానికి పనికొస్తుంది, 40 శాతం లాభం తెచ్చిపెట్టదు. నిష్పత్తే రాకముందు శాతాలు చెప్పడం ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది.

ఈ షేరును ఇన్నాళ్ళూ ఆడించింది విలీనం వార్త కాదు, రిఫైనింగ్ మార్జిన్, అంటే ముడి చమురు కొన్న ధరకూ శుద్ధిచేసి అమ్మిన ధరకూ మధ్య మిగిలేది. 2023-24లో దాదాపు రూ.3,600 కోట్ల లాభం వచ్చిన కంపెనీకి మరుసటి ఏడాది రూ.60 కోట్లు కూడా రాలేదు. 2024 మొదట్లో రూ.250 పైన నడిచిన షేరు 2025 మార్చికి రూ.100 చుట్టుపక్కలకు దిగింది. పైగా నిష్పత్తి ఖాయమైన రోజునుంచి మీ షేరు హెచ్‌పీసీఎల్ ధర వెనకే నడుస్తుంది. పెట్రోలు, డీజిలు, గ్యాస్ బండ ధరలు ప్రభుత్వం కదలనివ్వని ఏడాది ఆ కంపెనీకి ఏమవుతుందో 2022-23లో చూశాం, రూ.8,974 కోట్ల నష్టం. మీరు రిఫైనరీ షేరు కొన్నాననుకుంటున్నారు. విలీనమైతే మీ చేతికి వచ్చేది బంకుల కంపెనీ షేరు.

పాత విలీనాలు చూడండి. 2007 చివర్లో రిలయన్స్ పెట్రోలియం షేరును రూ.200 పైన కొన్నవాళ్ళకు 2009లో 16 షేర్లకు ఒక రిలయన్స్ ఇండస్ట్రీస్ షేరు అన్నారు. అంటే రూ.3,200 పెట్టినవాళ్ళకు ప్రకటన నాటికి రూ.1,300 కూడా లేని షేరు ఒకటి ఇస్తామన్నారు. చమురు తీసే కెయిర్న్ ఇండియాను వేదాంతలో కలిపే విలీనాన్ని 2015 జూన్‌లో ప్రకటించారు. మొదట ఒక వేదాంత షేరు, ఒక ప్రిఫరెన్స్ షేరు (గడువు తీరాక కంపెనీ డబ్బిచ్చి వెనక్కి తీసుకునేది) అన్నారు. మైనారిటీ వాటాదారులు గునిశాక 2016 జులైలో ప్రిఫరెన్స్ షేర్లను నాలుగు చేశారు. అంతా ముగిసింది 2017 ఏప్రిల్‌లో. ఆ ప్రిఫరెన్స్ షేర్ల డబ్బు చేతికొచ్చింది 2018 అక్టోబరులో. నడుమ 2016 జనవరిలో ముడి చమురు పీపా 30 డాలర్ల కిందకు జారింది. ప్రకటన వచ్చాక కూడా 22 నెలలు పట్టిన వ్యవహారం అది. మీ విషయంలో ప్రకటనే రాలేదు.

ఆ 22 నెలలనే మీ తాకట్టు ఆలోచనకు పెట్టి చూద్దాం. 1,500 షేర్లకు రూ.2,13,000 కావాలి. గోల్డ్ లోన్ 12 శాతానికి దొరికిందనుకున్నా నెలకు రూ.2,130 వడ్డీ, 22 నెలలకు దాదాపు రూ.46,900. షేరుకు రూ.31 పడింది. అంటే ధర రూ.173 దాటితేగానీ కొత్తగా కొన్నవాటి మీద ఒక్క రూపాయి రాదు. ఆలోపు ధర పడిపోతే కంపెనీ ఊరుకుంటుంది, బాకీ అందకపోతే తాకట్టు పెట్టుకున్నవాడు ఊరుకోడు. షేర్లు కొనడానికి బ్రోకర్ ఇచ్చే అప్పు, అంటే మార్జిన్ ఫండింగ్, ఇంకా అధ్వానం. ధర పడితే మీ వాటా డబ్బు (మార్జిన్) ఇంకొంత వెంటనే కట్టాలి, లేదంటే వాళ్ళే అమ్మేస్తారు. విలీనం రికార్డు తేదీకి (కొత్త షేర్లు ఎవరికి రావాలో లెక్కతీసే రోజు) ముందే అమ్మి పొజిషన్ మూసేయమనే బ్రోకర్లూ ఉన్నారు. ఎదురుచూసిన రోజుకు షేర్లు మీ దగ్గర ఉండవన్నమాట.

ఇంకో సంగతి గ్రూపుల్లో ఎవరూ చెప్పరు. రికార్డు తేదీ దగ్గర పాత షేరు ట్రేడింగ్ ఆగిపోతుంది. కొత్త షేర్లు డీమ్యాట్‌లో పడి, ఎక్స్ఛేంజీలు అనుమతిచ్చేదాకా వాటిని అమ్మలేరు. కొన్ని వారాలు మీ డబ్బు కనిపిస్తుంది కానీ కదలదు. సరిగ్గా అప్పుడే నాన్నగారిని నెల్లూరులో ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే? మీరు రాసినదాన్ని బట్టి వాళ్ళకు వేరే పాలసీ ఉన్నట్టు లేదు. అత్యవసర నిధి ఉన్నవాడే విలీనం కోసం కూర్చోగలడు. అది లేకుండా ఎదురుచూస్తే అమ్మే రోజును మీరు కాదు, మీ అవసరం నిర్ణయిస్తుంది.

కాబట్టి 2,400 షేర్లు అమ్మేయండి, 600 ఉంచుకోండి. ఇప్పటి ధరకు రూ.3,40,800 వస్తాయి. రోజుకు కొన్ని చొప్పున అమ్మకండి, అమ్మిన ప్రతిరోజూ డీమ్యాట్‌లోంచి షేర్లు తీసినందుకు డీపీ చార్జీ పడుతుంది. డబ్బు మరుసటి ట్రేడింగ్ రోజుకు వచ్చేస్తుంది. అందులో రూ.2 లక్షలు ముట్టుకోకూడని నిధి. సగం స్వీప్ ఎఫ్‌డీలో (ఖాతాకు జతగా ఉండి, కావాల్సినప్పుడు తీసుకోగల డిపాజిట్), సగం లిక్విడ్ ఫండ్‌లో (స్వల్పకాలిక అప్పు పత్రాల్లో పెట్టే మ్యూచువల్ ఫండ్) పెట్టండి. ఇన్‌స్టంట్ రిడెంప్షన్ ఉన్న లిక్విడ్ ఫండ్లు రోజుకు రూ.50,000 దాకా నిమిషాల్లో ఇస్తాయి. బ్యాంకు ఖాతా మీ ఇద్దరి పేరునా, ఇద్దరిలో ఎవరైనా తీసుకోగలిగేట్టు ఉండాలి. మీరు ఐసీయూలో ఉంటే ఓటీపీ మీ ఫోనుకే వస్తుంది మరి.

రూ.1,20,000 లోన్ మీదకు. చాలా బ్యాంకులు 12 ఈఎంఐలు కట్టాకే కొంత ముందుగా కట్టనిస్తాయి, మీవి పదే అయ్యాయి. ఆ రెండు నెలలూ స్వీప్ ఎఫ్‌డీలోనే ఉంచండి. పన్నెండో ఈఎంఐ తర్వాత అసలు సుమారు రూ.2,13,500 మిగులుతుంది. లక్షా ఇరవై కట్టి, ఈఎంఐ తగ్గించకుండా గడువు తగ్గించమని రాతపూర్వకంగా అడగండి. అడగకపోతే కొన్నిచోట్ల ఈఎంఐ తగ్గించి ఊరుకుంటారు. ఇంకో 24 నెలల బదులు పదింటితో అప్పు తీరుతుంది, వడ్డీలో సుమారు రూ.26,000 మిగులుతుంది. ఫిక్స్‌డ్ రేటు లోనైతే ముందస్తు చెల్లింపు చార్జీ ఉండొచ్చు. 3 శాతం అనుకుంటే జీఎస్టీతో కలిపి రూ.4,248. కట్టినా మీకే లాభం.

మిగిలిన ఇరవై వేలు సొంత ఇన్సూరెన్స్‌కు. ఆఫీసు పాలసీ ఉద్యోగంతోపాటే పోతుంది. మీ ముగ్గురికీ కలిపి రూ.10 లక్షల హెల్త్ పాలసీ (ఫ్యామిలీ ఫ్లోటర్), మీ పేరు మీద రూ.కోటి టర్మ్ పాలసీ తీసుకోండి. ఇరవై వేలు చాలకపోతే పైది నెలవారీ మిగులులోంచి. అమ్మానాన్నలకు విడిగా తీసుకోండి, వాళ్ళ వయసును ఫ్లోటర్‌లో కలిపితే మీ ప్రీమియం కొండెక్కుతుంది.

నెలనెలా షేర్లకు పోతున్న పదిహేను వేలు ఇకనుంచి నిధికే. ఈఎంఐ తీసేస్తే మీ నెల ఖర్చు రూ.66,500. ఆరు నెలలకు దాదాపు రూ.4 లక్షలు కావాలి. మీ దగ్గర రూ.2,38,000 ఉంటాయి. ప్రీమియంలకు కొంత పోయినా ఏడాదిలో నిండుతుంది. ఆ తర్వాత ఇండెక్స్ ఫండ్ సిప్ మొదలుపెట్టొచ్చు, దాని గురించి ఇప్పుడు మాట అనవసరం.

షేరుకు రూ.26 చొప్పున రూ.62,400 నష్టానికి అమ్మమంటున్నానని మీకు కోపం రావచ్చు. కొని ఏడాది కాలేదు కాబట్టి అది స్వల్పకాలిక మూలధన నష్టం. గడువులోగా రిటర్ను వేసి చూపిస్తే 8 ఏళ్ళపాటు షేర్ల లాభాల్లోంచి, అవి స్వల్పకాలికమైనా దీర్ఘకాలికమైనా, తీసేసుకోవచ్చు. గడువు దాటాక వేస్తే ఆ హక్కు పోతుంది.

ఉంచుకున్న 600 షేర్లతో విలీనం కోసం ఎంతకాలమైనా చూడండి, మిగిలిన లోన్ తీరాక వాటికోసం ఎవరికీ వడ్డీ కట్టక్కర్లేదు. కొన్ననాటి కాంట్రాక్ట్ నోట్లు దాచుకోండి. విలీనమైతే పాత కొనుగోలు ధర, పాత తేదీయే కొత్త షేర్లకు వర్తిస్తాయి కానీ బ్రోకర్ యాప్ సగటు ధరను తరచూ తప్పుగా చూపిస్తుంది. ముక్క షేర్లకు డబ్బిస్తారు. కొచ్చి రిఫైనరీస్‌ను భారత్ పెట్రోలియం (బీపీసీఎల్)లో కలిపినప్పుడు 9కి 4 ఇచ్చారు. 100 ఉన్నవాళ్ళకు లెక్కప్రకారం 44.44 రావాలి, డీమ్యాట్‌లోకి వచ్చేవి 44, మిగతాది నగదు. ఆ నగదు డీమ్యాట్‌కు జతచేసిన బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. పాత కంపెనీ శాలరీ అకౌంట్ జతచేసి మర్చిపోయినవాళ్ళు చాలామంది, మీది ఏ ఖాతానో చూసుకోండి. నామినీగా మీ భార్య పేరు ఉందో లేదో కూడా అదే పేజీలో కనిపిస్తుంది.