పటం తీసేసి చెప్పు

చిరంజీవికి ఆశీస్సులు.

కంప్యూటర్ పరిశోధనల మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. చూపులేనివారు వాడుకోవడానికి వీలుగా కంప్యూటర్లను తీర్చిదిద్దే పరిశోధన గురించి రాస్తూ, సరిగ్గా ఆ భాగంలోనే ‘వివరాలకు కింది పటం చూడండి’ అన్నావు. ఒకసారి కాదు, పేజీకోసారి. నాకు ఒళ్లు మండింది. ఎవరి గురించి రాశావో వాళ్లనే గుమ్మం బయట నిలబెట్టావు కదమ్మా!

మా కావలిలో ఒక లెక్కల మాస్టారు ఉన్నారు. ఉద్యోగ విరమణ అయ్యాక షుగరు వల్ల చూపు పోయింది. ఆయన కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ ఉంది. తెరమీద ఉన్నదాన్ని చదివి వినిపించే ఉచిత సాఫ్ట్‌వేర్ అది. ఆస్ట్రేలియాలో 2006లో దాన్ని మొదలుపెట్టిన మైఖేల్ కరన్, ఆయనతో చేయి కలిపిన జేమ్స్ టెహ్, ఇద్దరూ చూపులేనివారే. తమకు కావలసింది తామే తయారుచేసుకున్నారు. నీ వ్యాసంలో వాళ్ల ఊసే లేదు. ‘శాస్త్రవేత్తలు దివ్యాంగుల కోసం అహర్నిశలు శ్రమిస్తున్నారు’ అని మాత్రం ఉంది. ఆ వాక్యం కొట్టేసి ఆ చోట వీళ్లిద్దరినీ పెట్టు.

నీ ఫైలును మాస్టారి దగ్గరకు పట్టుకెళ్లాను. ఆయన మీట నొక్కగానే పొంతన లేని ఇంగ్లిషు అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు గడగడా వినిపించాయి. పాత డీటీపీ ఫాంటులో కొట్టించావు మరి. కంటికి తెలుగే, లోపల ఉన్నవి ఇంగ్లిషు అక్షరాల గుర్తులు. ప్రతి భాషలోని అక్షరానికీ దాని సొంత సంకేతం ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటుంది. అయినా ఆ ఫాంట్లను వదలని పత్రికలున్నాయి, పేజీ అందం చెడుతుందట! నేను యూనికోడ్‌లో పంపిన వ్యాసాన్ని ఒక వారపత్రిక ఉప సంపాదకుడు ‘మాకు పనికొచ్చే ఫాంటులో పంపండి’ అని తిప్పికొట్టాడు. నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక డీటీపీ సెంటర్ ముందు మధ్యాహ్నమంతా పడిగాపులు కాసి, నా చేతి డబ్బుతో మళ్లీ కొట్టించాను. పారితోషికం ఇంకా రావలసే ఉంది.

చివరికి నేనే చదివి వినిపించాను. పటం మాట వచ్చిన ప్రతిచోటా మాస్టారు ‘అందులో ఏముందో చెప్పండి’ అనేవారు. చెబుదామని చూస్తే గుండ్రాలు, వాటి మధ్య బాణాలు. అంతే. నువ్వు చెప్పలేకపోయిన చోటల్లా ఒక పటం అంటించావు. ఎన్నో ఏళ్లుగా ఈ మాటే అందరితో పోరుతున్నాను: శాస్త్రవ్యాసం చెవితో విన్నా తలకెక్కాలి. పటం ఉంటే ఉండనీ, కానీ దాన్ని తీసేసినా వివరణ నిలబడాలి.

‘న్యూరల్ నెట్‌వర్క్ అచ్చం మనిషి మెదడులా ఆలోచిస్తుంది’ అని రాసి చేతులు దులుపుకున్నావు. అది ఉదాహరణలు చూసి నేర్చుకునే ప్రోగ్రాం అనైనా చెప్పలేదు. 1943లో మెకల్లక్, పిట్స్ అనే ఇద్దరు పరిశోధకులు మెదడులోని కణాన్ని మనసులో పెట్టుకునే దీనికి తొలి నమూనా కట్టారు, నిజమే. కానీ జరిగేది గుణకారం, కూడిక. అదే చెప్పు. నెట్‌వర్క్‌లోని ఒక కణానికి 2, 1, 3 అనే అంకెలు వచ్చాయి. వాటి బరువులు, అంటే ఏ అంకెను దేనితో గుణించాలో చెప్పేవి, వరుసగా 0.5, మైనస్ 1, 0.2. గుణిస్తే 1, మైనస్ 1, 0.6. కూడితే 0.6. మొత్తం సున్నాకు పైన ఉంటే దాన్నే ముందుకు పంపాలి, లేకపోతే సున్నా పంపాలి. జవాబు తప్పితే ఆ బరువులను కొద్దికొద్దిగా సవరిస్తారు. కణాలు పొరలు పొరలుగా ఉంటాయి; ఆ సవరణను చివరి పొర నుంచి వెనక్కి పంచుకుంటూ పోయే పద్ధతికి 1986లో రూమెల్‌హార్ట్, హింటన్, విలియమ్స్ రాసిన పత్రం పేరు తెచ్చింది. బొమ్మలో ఏముందో గుర్తుపట్టే 2012 నాటి అలెక్స్‌నెట్ అనే నెట్‌వర్క్‌లో ఇలాంటి బరువులు దాదాపు 6 కోట్లు. రెండు గ్రాఫిక్స్ కార్డులు ఐదారు రోజులు పనిచేస్తే అవి కుదురుకున్నాయి. ఈ పేరాకు ఏ పటం కావాలి?

‘పదివేల ప్రాసెసర్లు పెడితే పని పదివేల రెట్ల వేగంతో సాగుతుంది’ అని చదవగానే మాస్టారు చేయెత్తి ఆపారు. ‘పంచడానికి వీల్లేని పని మాటేమిటి?’ అన్నారు. కంప్యూటర్ల రూపశిల్పి జీన్ ఆమ్‌డాల్ పేరు మాస్టారు ఎప్పుడూ వినలేదు. 1967లో ఆమ్‌డాల్ లేవనెత్తింది సరిగ్గా ఇదే. 100 గంటల పనిలో 5 గంటలు ఒకదాని తర్వాత ఒకటిగానే జరగాల్సినవైతే, ఎన్ని ప్రాసెసర్లు తెచ్చినా ఆ 5 గంటలు తగ్గవు. వేగం 20 రెట్లు దాటదు. పనినే పెంచుకుంటూ పోతే లెక్క మారుతుందని 1988లో గుస్తాఫ్‌సన్ అన్నాడు. అది నువ్వే చదువుకో.

పైగా నువ్వు తీసుకున్న ఉదాహరణ ఎక్కడో విమానం రెక్క మీది గాలి. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను గురించి మీ ఇంట్లో ఎవరూ చెప్పలేదా? అలాంటి తుపాను దారిని ముందే లెక్కకట్టాలంటే బంగాళాఖాతాన్ని గళ్లుగా కోసి, కొన్ని గళ్లు ఒక ప్రాసెసర్‌కు, కొన్ని మరొకదానికి అప్పగిస్తారు. లెక్క ఒక్కో అడుగు ముందుకు పడినప్పుడల్లా అంచు గళ్లలోని గాలి, పీడనం, తేమ పక్కవాళ్లకు తెలపాలి. ఎక్కువ పని పడిన ప్రాసెసర్ ముగించేదాకా మిగతావి ఖాళీగా కాచుకుంటాయి. ఆ కాచుకోవడం తగ్గించడానికే ఇంత పరిశోధన. ఒకప్పుడు నేను ఈ సంగతి రాస్తే సంపాదకుడు ఈ పేరానే ఎత్తేసి, ఆ జాగాలో ఉపగ్రహ చిత్రం వేసుకున్నాడు. పైన శీర్షిక ‘ప్రకృతితో పందెం’. ఎవరు పందెం కాశారో నాకిప్పటికీ తెలియదు.

మీ నాయనమ్మ వణికే వేలితో ఫోనులో ఒక బటన్ నొక్కబోతే పక్క బటన్ పడి, ఎవరికో ఫోను వెళ్లిన పేరా బాగుంది. దాన్ని ముట్టుకోకు.

ఏ పత్రికకు పంపాలని, ఇంగ్లిషులో రాస్తే మేలా అని కూడా అడిగావు. ఆ సంగతులు తర్వాత. మాస్టారు ఒక ప్రశ్న వేశారు: ‘ఏమీ నేర్వక ముందు, మొట్టమొదట ఆ బరువులు ఎక్కడి నుంచి వస్తాయి?’ నేను కావాలనే చెప్పలేదు. జవాబు నువ్వు రాయి. యూనికోడ్‌లో పంపు, ఈసారి ఆయనే వింటారు.